తొంభై ఇటు, పది అటు

పోయిన నెల యోహాను సార్ భూస్థాపన కూడికలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మా సంఘంలో ఎవరు ప్రభువు దగ్గరికి వెళ్లినా, పెట్టెను సమాధుల తోటకు తీసుకుపోయే ముందు నలుగురు లేచి ఆ మనిషి గురించి తలా ఒక మాట చెప్పడం పద్ధతి. రెండు నిమిషాలు దాటవద్దని కొత్త పాస్టర్ అయ్యగారు ముందే హెచ్చరించారు. చిన్నవాడు, ఎండ ముదురుతుందని ఆయన కంగారు ఆయనది. నేను లేచి, "సార్ నా చదువుకు చాలా సాయం చేశారు, దేవునికి స్తోత్రం" అని కూర్చున్నాను. కూర్చోగానే తప్పు చేసినట్టనిపించింది. చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ మాట విన్నవాళ్లు, ఆయన జేబులోంచి తీసి ఫీజు కట్టాడనుకుంటారు. సార్ నాకు తన జేబులోంచి ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆయన ఇచ్చింది వేరు. అది చెప్పాలంటే ఒక మందుల ఫ్యాక్టరీ గురించి, దాని షేర్ల గురించి, మా నాయిన మొండితనం గురించి చెప్పాలి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అప్పుడు మేము గుండ్లపోచంపల్లిలో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందు రేకుల పంచ, పంచలో ఒక మూలన అమ్మ కట్టెల పొయ్యి. పొద్దున లేచి ముఖాలు కడుక్కున్నాక, పొయ్యి రాజేయకముందే కుటుంబ ప్రార్థన. నాయిన బైబిల్లో ఒక అధ్యాయం తెరిచేవాడు, తలా ఒక వచనం చదవాలి. అమ్మ బడికి పోలేదు, సంఘంలోనే అక్షరాలు నేర్చుకుంది. ఆమె వంతు వచ్చినప్పుడు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. ఎంతసేపు పట్టినా ఎవరూ మాట అందించకూడదు. తమ్ముడు ఆకలికి ఆగలేక అందించబోతే నాయిన ఒక చూపు చూసేవాడు, అంతే. ఆ తరువాత జొన్న రొట్టె చరిచే చప్పుడు, పొగ, నాయిన సైకిల్ తుడుచుకునే చప్పుడు. ఆయన మేడ్చల్ రోడ్డు మీద మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఆయన కంటే ముందు ఆయన వాసన ఇంటికి వచ్చేది. ముక్కును పొడిచే రసాయనం ఘాటు, కాలిన నూనె, వాటి మీద ఎర్ర సబ్బు వాసన. అమ్మ ఆయన డ్యూటీ బట్టలను మా బట్టలతో కలిపి ఎన్నడూ నానబెట్టలేదు. శనివారం మాత్రం ఇల్లు మరో వాసనకు మారేది. ఆదివారపు తెల్లబట్టలకు గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దుతుంటే లేచే ఆ వెచ్చని వాసన నాకు ఇప్పటికీ విశ్రాంతి వాసనే.

ఆ ఏడాది నేను ఇంటర్ రెండో సంవత్సరం. నర్సు కావాలని నాకు పట్టుదల. నగరంలో ఒక మిషన్ ఆసుపత్రికి నర్సింగ్ స్కూల్ ఉండేది. సీటు రావడం ఒక ఎత్తు, మొదటి ఏడు ఫీజు ఒక్కసారే కట్టడం ఇంకో ఎత్తు. మా ఇంట్లో దాచిన పైసలంటూ ఉన్నవి, పంచ మీద రేకులు తీసి స్లాబు వేయించడానికి అమ్మ కూడబెట్టినవే. సరిగ్గా అప్పుడు ఫ్యాక్టరీ పబ్లిక్ ఇష్యూకు వెళ్తోందన్న మాట పుట్టింది. అంటే, అప్పటిదాకా ఐదారుగురు భాగస్వాముల చేతిలో ఉన్న కంపెనీ, కొత్త ప్లాంటు కట్టడానికి పెట్టుబడి కావాలని తన వాటాలను ఎవరు కావాలంటే వాళ్లకు అమ్ముతుంది. ఆ తరువాత ఆ వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదై, రోజూ చేతులు మారుతుంటాయి. పనివాళ్లకు విడిగా కోటా పెట్టారు. అకౌంట్స్ చూసే మూర్తి గారు కోస్తా మనిషి, పొందికగా మాట్లాడేవాడు. ఆయన బాయిలర్ దగ్గరికి స్వయంగా వచ్చి, "దానయ్య గారూ, వంద షేర్లు తీసుకోండి. మార్కెట్లోకి రాగానే ధర పెరుగుతుందని అందరూ అనుకుంటున్నారు. అమ్మాయి చదువుకు పనికొస్తాయండీ" అని ఒక ప్రాస్పెక్టస్ చేతిలో పెట్టాడట. కంపెనీ తన సంగతులన్నీ అచ్చువేసి కొనేవాళ్లకు ఇవ్వాల్సిన పుస్తకం అది. చిన్న అక్షరాలు, అంతా ఇంగ్లీషు.

నాయిన దాన్ని ఇంటికి తెచ్చి గూట్లో గ్రంథం పక్కన పెట్టలేదు, కింద పెట్టాడు. షేర్లంటే జూదమేమోనని ఆయన భయం. గురువారం మా ఇంట్లో కుటుంబ కూడిక ఉండేది. దానికి షామీర్‌పేట నుంచి యోహాను సార్ వచ్చేవాడు. రిటైరైన బడి పంతులు, సంఘ పెద్ద. మా సంఘానికి అయ్యగారు నెలకొకసారి మాత్రమే వచ్చేవారు గనుక మిగతా ఆదివారాలన్నీ సార్ చేతిలోనే నడిచేవి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేవాడు. జేబులో ఎప్పుడూ బ్లేడుతో చెక్కిన పెన్సిల్ ఉండేది. దానితో దేవుని వాక్యంలో, అంటే బైబిల్లో, గీతలు గీసేవాడు, అదే పెన్సిల్‌తో చెవి గోక్కునేవాడు. ఆ రోజు కూడిక అయ్యాక నాయిన పుస్తకం తీసి ముందు పెట్టాడు.

"సార్, మా కంపెనీ షేర్లు అమ్ముతాంది. తీస్కోవచ్చునా? జూదం కిందికి వస్తదేమోనని మస్తు పరేషానైతున్న."

"జూదమే," అంది అమ్మ చాయ్ గ్లాసులు సర్దుతూ. "ఒకడు లేస్తడు, పది మంది మునుగుతరు. నా స్లాబు పైసల మీద కన్ను పడ్డది ఈయనకు."

"సదవకుండ తీర్పు చెప్పొద్దు సుగుణమ్మా," అన్నాడు సార్. "కరుణా, నువ్వు సదువు బిడ్డా. నేను అర్థం చెప్త."

ప్రార్థనలో చదివినట్టే ఒక్కో వాక్యం చదివి ఆగాను. పేజీలు తిప్పితే, కొనేవాళ్లకు రాగల నష్టాలంటూ ఒక పెద్ద భాగం కనిపించింది. మా సరుకు ఎక్కువగా కొనేది ఇద్దరే, వాళ్లు మానేస్తే మాకు దెబ్బ. కొత్త ప్లాంటుకు కొన్ని అనుమతులు ఇంకా రాలేదు. పని ఆలస్యం కావచ్చు. ఈ షేర్లకు మార్కెట్లో గిరాకీ ఉంటుందని మేము హామీ ఇవ్వడం లేదు. సార్ కళ్లు మూసుకుని వింటున్నాడు.

"ఇంకున్నయా?"

"ఇంకో పేజీ ఉంది సార్."

ఆయన కళ్లు తెరిచి నవ్వాడు. "దానయ్యా, ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేముందు తప్పులొప్పుకోమంటే మన సంఘంల ఎవడన్న గిన్ని ఒప్పుకున్నడా ఎన్నడన్న? జూదమాడేటోడు ఓడిపోతనేమోనని ముందుగాల అచ్చేసి ఇయ్యడు. వీళ్లు ఇచ్చిండ్రు. ఇది జూదం గాదు, పొత్తు. మన మందిరం కట్టినప్పుడు ఒకడు సిమెంటు తెచ్చిండు, ఒకడు రాయి మోసిండు. మందిరం ఎవలిదంటే అందరిది. గట్లనే ఇదిగూడ. కాకుంటే అప్పుజేసి కొనకు. పోతే ఏడ్వని పైసలే పెట్టు."

"పోతే నేను ఏడుస్త," అంది అమ్మ. అయినా మర్నాడు ఆమే ట్రంకు పెట్టె అడుగునుంచి పైసలు తీసి ఇచ్చింది. ఆ వానాకాలం రేకుల కింద చెవులు గింగుర్లెత్తుతుంటే, "వినుండ్రి, మీ నాయిన స్లాబు పాడుతాంది" అనేది.

బయటివాళ్ల దరఖాస్తులు ఎక్కువై లాటరీ తీశారట గానీ, పనివాళ్లలో అడిగినవాళ్లందరికీ వందేసి వచ్చాయి. కొన్ని వారాలకు రిజిస్టర్డ్ పోస్టులో షేర్ సర్టిఫికెట్ వచ్చింది. మందపాటి కాగితం, చుట్టూ అల్లిక అంచు, కింద సీలు, మధ్యలో నాయిన పేరు. జీతం కవరు మీద తప్ప ఆయన పేరు అచ్చులో మేమెవరం చూడలేదు. షేర్లు ఎక్స్ఛేంజిలో లిస్టయిన రోజు ఫ్యాక్టరీలో మూర్తి గారు లడ్డూలు పంచాడు. మొదటి రోజే కొన్న ధర కంటే బాగా పైకి పలికింది. ఆ తరువాత నాయిన చాయ్ హోటల్లో పేపరు తెరిచి, అమ్మ వచనం చదివినట్టే మార్కెట్ పేజీ మీద వేలు పెట్టి మా కంపెనీని వెతుక్కునేవాడు.

అప్పుడు చేశాడు ఆయన ఆ పని. మా సంఘంలో దశమ భాగం, ప్రథమ ఫలం అన్నవి చాలా గట్టిగా పాటించేవాళ్లం. అదీ డబ్బుగా మార్చి కాదు. ఇంటికి ఏది వచ్చిందో దానిలోంచే ఇవ్వాలి. కోడి గుడ్లు పెడితే గుడ్లు, మక్కలు వస్తే మక్కలు, సొరతీగ కాస్తే మొదటి సొరకాయ. కోతపండుగ నాడు మందిరంలో బల్ల ముందు గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, పెసర్ల మూటలు వరుసగా ఉండేవి. ప్రార్థన మధ్యలో కోడి కూస్తే పిల్లలం నోళ్లు మూసుకుని నవ్వేవాళ్లం. ఆ లెక్కన నాయినకు అనుమానమే లేదు. వంద షేర్లు వచ్చాయి, పది దేవునివి. ధర పెరిగాక ఇద్దామనుకోవడం దేవునితో బేరం.

మూర్తి గారు వద్దన్నాడట. "ఇలా చీల్చకండి దానయ్య గారూ. అమ్మాక డబ్బే ఇచ్చుకోండి, వంద షేర్ల లాట్ పాడవుతుందండీ." నాయిన, "దేవునికిస్తే పాడైతదా సార్?" అన్నాడట.  చివరికి మూర్తి గారే కాగితాలు నింపి, వంద సర్టిఫికెట్‌ను రెండు చేయించి ఇచ్చాడు. తొంభై నాయిన పేరు మీద, పది సంఘం తరఫున యోహాను సార్ పేరు మీద. సంఘం అప్పటికి రిజిస్టరు కాలేదు, అందుకని మనిషి పేరే పెట్టాల్సి వచ్చింది. ఆదివారం ఆ పది షేర్ల కాగితం సొరకాయల పక్కన బల్ల మీద పడుకుంది. సార్ దాన్ని ఎత్తి చూపి ప్రార్థించాడు. మా నాయిన ముఖం ఆ రోజు ఎలా వెలిగిందో నేను మరచిపోను.

వేసవిలో నాకు సీటు వచ్చింది. నెలాఖరులోగా ఫీజు కట్టాలి, లేకపోతే సీటు తరువాతి అమ్మాయికి వెళ్లిపోతుంది. నేనూ నాయినా సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, మేడ్చల్ బస్సులో సికింద్రాబాద్ వెళ్లి ఒక బ్రోకర్ ముందు కూర్చున్నాం. ఆయన కాగితం తిప్పి చూశాడు.

"తొంభయ్యేంది? వంద ఉంటేనే లాట్. మార్కెట్ల వందలల్లనే నడుస్తది. మిగిలిన పదేవి?"

"దేవునికిచ్చినం సార్," అన్నాడు నాయిన.

బ్రోకర్ నన్ను చూశాడు, మళ్లీ నాయినను చూశాడు. "మరి ఆయన్ని గూడ తోల్కరాకపోయిండ్రా పెద్దాయనా? ఇద్దరు కలిసి సంతకం పెడుతుండె."

పక్కన ఇద్దరు నవ్వారు. తెగిన లాట్లు కొనేవాళ్లు వేరే ఉంటారనీ, వాళ్లు సగం ధరే ఇస్తారనీ చెప్పాడు. సగం ధరకు అమ్మితే ఫీజులో సగం కూడా రాదు. తిరుగు బస్సులో నాయిన సర్టిఫికెట్ కవరును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ పక్కన కూర్చుని నేను ప్రార్థించాను. నా ప్రార్థనలో కోపం కూడా ఉందని ఒప్పుకుంటాను. పది అటు పోయినందుకు తొంభై ఇటు పనికిరాకుండా పోవడం ఏం న్యాయమని అడిగాను.

మర్నాడే ముగ్గురం షామీర్‌పేటకు వెళ్లాం. సార్ ఇంటి ముందు పందిరి మీద సొరతీగ, కింద మడత మంచం. ఆయన భార్య స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చి పెట్టింది. నాయిన సంగతి చెప్పి, దారిపొడవునా ఆలోచించుకున్న ఉపాయం బయట పెట్టాడు.

"ఈ తొంభై గూడ మీ పేరు మీదికి రాసిస్త సార్. రెండు కలిపి ఒక్క కాగితం చేయించి మీరే అమ్ముండ్రి. పదో వంతు సంఘానికి ఉంచుకుని మిగిలింది మాకియ్యుండ్రి."

అమ్మ గ్లాసు కింద పెట్టింది. "పది ఇచ్చినందుకు తొంభై చెడ్డయి. ఇగ ఆ తొంభై గూడ ఇచ్చొస్తవా?"

"వద్దు దానయ్యా," అన్నాడు సార్. "ఇంకొకని సొత్తు నా పేరు మీద వద్దు. నా మీద నాకే గంత నమ్మకం లేదు. రేపు నేను పోతే నా కొడుకులు మాదే అంటరు. దానికన్న, ఆ పది నేనే నీకు తిరిగి రాసిస్త. కలుపుకొని అమ్ముకో."

"బల్ల మీద పెట్టింది మళ్ల ఎత్తుకపొమ్మంటరా? నాతోని గాదు సార్."

"అరే, నేనే ఇస్తున్న గదా!"

"మీరిస్తే మాత్రం? అది మీదా ఇయ్యనీకి?"

"మరి నీ తొంభై నాదా తీస్కోనీకి?"

ఇలా ఎంతసేపు సాగిందో చెప్పలేను. ఇద్దరూ వాక్యం తెలిసినవాళ్లు, ఇద్దరికీ చెరొక ఆధారం దొరుకుతూనే ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది. నేను నేల వైపు చూస్తూ, సెలవులకు రోజులు లెక్కపెట్టే బడిపిల్లలా నెలాఖరుకు ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను. చివరికి అమ్మ లేచి నిలబడింది.

"ఇద్దరికిద్దరు నీతిమంతులే. మీ ఇద్దరి నీతి నడుమ నా బిడ్డ సీటు పోతది. ఇంతకు ఈ షేర్లు అమ్ముడు దేనికి? ఆమె సదువుకే గద. ఈయన తండ్రి, తొంభై బిడ్డకిస్తడు. దాన్ల తప్పుందా? లేదు. పోయినేడు సంఘం సొమ్ములకెళ్లి ఒక ముసలవ్వకు కుట్టు మిషన్ కొనియ్యలేదా? గట్లనే పది షేర్లు ఈ పిల్లకిస్తది. ఈయన వాపస్ తీసుకున్నట్టు గాదు, దేవుడిచ్చినట్టు. ఆమె పేరు మీద వంద అయితది. ఆమెకు పద్దెనిమిది నిండినయ్, సంతకం నేర్సింది. ఇగ అడ్డమేంది?"

 సార్ పెన్సిల్‌తో చెవి గోక్కున్నాడు. "సుగుణమ్మా, నువ్వు పెద్దల కమిటీల ఉండాల్సింది."

"నాకు తీరికేడిది సార్, ఈయన చేసిన పనులు సర్దుకునేసరికే పొద్దుగూకుతది."

ఆ ఆదివారం సార్ విషయం సంఘం ముందు పెట్టాడు. తన పేరు మీద ఉన్నంత మాత్రాన తనంతట తాను ఇవ్వలేనన్నాడు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు, పాలు తాగే పిల్లల చేతులను కూడా తల్లులు ఎత్తారు. మూర్తి గారు రెండు బదిలీ పత్రాలనూ తానే పట్టుకుని జీడిమెట్లలో కంపెనీ ఆఫీసుకు వెళ్లి, బదిలీలు ఖాయం చేసే కమిటీ కూర్చునే రోజుకు అందించాడు. "అప్పుడే చెప్పానండీ" అని నాయినను ఒక్కసారి అన్నాడు, అంతే. పది రోజులకు వంద షేర్లు మళ్లీ ఒక్క కాగితంగా, నా పేరుతో, ఇంటికి వచ్చాయి. అప్పటికి ధర కొంత దిగింది. బ్రోకర్ అమ్మి ఇచ్చిన చెక్కు సరిగ్గా మొదటి ఏడు ఫీజుకు, రానుపోను బస్సు చార్జీకి సరిపోయింది. నెలాఖరుకు నాలుగు రోజులుంది.

మొన్న మా తమ్ముడి కొడుకు అన్నం తింటూ ఫోన్లో ఏదో కంపెనీ ఇష్యూకు దరఖాస్తు పెట్టాడు. వాడు తుర్కపల్లిలో ల్యాబ్ ఉద్యోగి, కంపెనీ కారు వచ్చేలోగా రెండు ముద్దల మధ్య ఆ పని అయిపోయింది. సంతకం లేదు, కాగితం లేదు. షేర్లు రాకపోతే పైసలు ఖాతాలోనే ఉంటాయట. లిస్టయ్యాక ఒక్క షేరైనా సరే, మార్కెట్ ధరకే అమ్ముకోవచ్చట. మంచిదే. మా నాయిన లాంటివాళ్లు ఇప్పుడు సికింద్రాబాద్‌లో నవ్వులపాలు కానక్కర లేదు, పది పదిగానే, తొంభై తొంభైగానే చెల్లుతాయి. ఆ సుఖం నేను కాదనను. కానీ వాడు నొక్కిన ఆ షరతుల పేజీని పూర్తిగా పైకి చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, "అది ఎవరూ చదవరత్తా" అని నవ్వాడు. మాకు ఆ పుస్తకం చదవడానికి ఒక గురువారం పట్టింది. ఆ తెగిన లాట్ కలపడానికి ఒక సంఘం పట్టింది. అప్పుడు కష్టమనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

చెక్కు మార్చుకుని వచ్చిన సాయంత్రం, పైసలు చాప మీద ఉన్నాయి. నాయిన వాటి వైపు చూడలేదు.  నాకర్థమైంది. నా పేరు మీద వంద వచ్చింది, మరి అందులో పదో వంతు?

"ఏయ్, చెయ్యి తియ్," అంది అమ్మ, నేను విడదీస్తుంటే. "సంఘమే ఇచ్చిన దాన్లకెళ్లి మళ్ల సంఘానికేంది? దేవుడు గంత లెక్క జూడడు. ఫీజుకు తక్కువైతే ఏం జేస్తవు?"

"ఏదో జేస్త అమ్మా. ఈసారి అమ్మినంకనే గదా ఇస్తున్న," అన్నాను.

నర్సింగ్ స్కూల్ మేట్రన్ గారు ఏమంటారో అప్పటికి నాకు తెలియదు. సోమవారం వెళ్లి, పదో వంతు ఎందుకు తగ్గిందో ఉన్నదున్నట్టు చెబితే, ఆమె కళ్లద్దాల పైనుంచి చూసి, నాయిన దసరా బోనస్ దాకా గడువు ఇచ్చారు. అక్కడినుంచి ఇప్పటిదాకా నేను వార్డుల్లోనే ఉన్నాను, దేవుని దయ వల్ల. కానీ ఆ ముందటి రోజు, ఆదివారం, నేను కవరు తీసుకుని మందిరానికి నడుస్తున్నప్పుడు నాకు భయంగానే ఉంది. నిజం చెప్పాలంటే, సార్ ఆ కవరు తిరిగి ఇచ్చేస్తాడని లోలోపల ఆశ కూడా ఉంది. చిన్నపిల్ల, చదువుకుంటోంది, ఉంచుకో బిడ్డా అంటాడని. అమ్మ కూడా అదే ఆశతో వచ్చి ముందు వరుసలో నా పక్కనే కూర్చుంది.

కానుకలు ఇచ్చినవాళ్లను పేరుపేరునా లేపి ప్రార్థించడం సార్ అలవాటు. మా ఇంటి వంతు వచ్చినప్పుడల్లా "దానయ్య కుటుంబం" అనేవాడు, నలుగురం లేచేవాళ్లం. ఆ రోజు ఆయన కవరు చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద రాసిన పేరు చదివాడు. నా వైపు చూశాడు. నా ముఖంలో ఉన్న ఆశ ఆయనకు కనబడకుండా ఉండదు, నలభై ఏళ్లు పిల్లల ముఖాలు చదివిన మనిషి. కవరును తీసుకెళ్లి మిగతా కానుకల మధ్య బల్ల మీద పెట్టాడు. తరువాత సంఘం వైపు తిరిగి పిలిచాడు.

"సహోదరి కరుణ."

మా సంఘంలో పెద్ద ఆడవాళ్లను అలా పిలుస్తారు. ఎవరిని పిలిచాడా అని నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ మోచేత్తో నా పక్కలో పొడిచింది.

"లే. నిన్నే."

నేను లేచి నిలబడ్డాను. నాయినా, అమ్మా, తమ్ముడూ కూర్చునే ఉన్నారు. సార్ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.